కల్బా దారి మూసిన రోజు

దుబాయ్ వెళ్లొచ్చానని తెలిశాక మా కాకినాడలో కలిసినవాళ్లంతా రెండే ప్రశ్నలు అడిగారు. బంగారం ఎంత తెచ్చావు, ఆ ఎండకి ఎలా తట్టుకున్నావు. బంగారం తేలేదు. ఎండ సంగతి నాకు తెలియదు. నేను వెళ్లింది జనవరి చివర. నేను చూసిన చోట వాన కురిసింది, వడగళ్లు పడ్డాయి, ఏరు వచ్చి తారు రోడ్డును ఎత్తుకుపోయింది. ఈ మాట చెబితే మా లైబ్రరీలో అటెండరు నవ్వేశాడు. నమ్మనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అక్కడ ఏడు రాజ్యాలున్నా మనవాళ్లకి అంతా దుబాయే. నేను ఆకాశాన్నంటే మేడల జోలికి వెళ్లలేదు. నాకు చూడాలని ఉన్నది కల్బా. తూర్పు తీరంలో చిన్న ఊరు. లైబ్రరీలో ఒక భూగోళం పుస్తకం సర్దుతుంటే ఆ ఊరి పక్కన మడ అడవి ఉందని చదివాను. కోరంగి మడ అడవి పక్కన పుట్టి పెరిగినదాన్ని. ఎడారి దేశంలో మడ చెట్లేమిటో చూడాలనిపించింది.

జెబెల్ అలీ

తమ్ముడు శీను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో సూపర్‌వైజరు. మడ అడవి మాట చెప్పగానే తల పట్టుకున్నాడు.

"ఇంత ఖర్చు పెట్టుకుని మడ చెట్లు చూడ్డానికి నువ్వు తప్ప ఎవరూ రారక్కా. మనింటి వెనకే ఉన్నాయి కదా."

"అవి మనింటి వెనకవి. ఇవి వేరే సముద్రానివి," అన్నాను.

వాడు తనకి తెలిసిన డ్రైవరు నర్సయ్యకి ఫోన్ చేశాడు. నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. ఒక ట్రావెల్స్‌లో చిన్న వ్యాను నడుపుతాడు. మొదటి రోజు నన్ను "మేడం" అన్నాడు. దారిలో టీ తాగాక "అక్కా" అన్నాడు. కరక్ చాయ్ అక్కడ మన మసాలా టీ కంటే చిక్కగా, కాస్త తీపి ఎక్కువగా ఉంటుంది. దిర్హం ఇస్తే కాగితం గ్లాసులో పోసిస్తారు. దిర్హం అంటే మన డబ్బులో ఇరవై పైమాటే అని గుర్తొచ్చిన ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదిగా తాగాను.

అల్ ఐన్

అల్ ఐన్ ఎడారి మధ్యలో పచ్చటి ఊరు. ఖర్జూర తోటల్లోంచి నడిచే దారులున్నాయి. రెండు పక్కలా మట్టి గోడలు, గోడ పక్కన సన్నటి కాలువ. దాన్ని ఫలజ్ అంటారట. ఎక్కడో కొండ కింద నీటిని పట్టి, నేలలోంచి తవ్విన కాలువల గుండా తోటకి తెస్తారు. మా కాలువల్లో పడవలు నడుస్తాయి, ఈ కాలువలో కాగితం పడవ కూడా కష్టమే. అయినా ఎవరి తోటకి ఎంతసేపు నీళ్లు అన్న తగువులు తరతరాలుగా ఉన్నాయని తోటలో పనిచేసే ఒక ఆయన చెబితే, మనూరికి వచ్చినట్టే అనిపించింది.

ఆ మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. తోట పనివాళ్లు పరుగెత్తి చెట్ల కిందకి వస్తారనుకున్నాను. వాళ్లు బయటికే పరుగెత్తారు. తలగుడ్డలు పట్టి వడగళ్లు ఏరారు, ఫోన్లలో ఇళ్లకి చూపించారు. రోడ్డు మీద అక్కడి కుర్రకారు కార్ల అద్దాలు దించి చేతులు బయటపెట్టి వెళుతున్నారు. వాన పడిందంటే ఇక్కడ జనం కొండల వైపు బయల్దేరతారట, ఎండిన వాగుల్లోకి నీళ్లు వచ్చే క్షణం చూడటానికి. ఆ వాగుల్ని వాదీలంటారు. అలా వెళ్లి కొట్టుకుపోయినవాళ్లు ఉన్నారు కాబట్టి, వాన పడేటప్పుడు వాదీల్లోకి వెళితే జరిమానా వేసి బండి జప్తు చేస్తారని నర్సయ్య చెప్పాడు.

ఇది నాకు వింతగా తోచింది. మాకు తుఫాను వస్తే అధికారులు మైకు పట్టుకుని ఇళ్లలోంచి బయటికి రండి అంటారు. జనం రారు. మా వీధి చివర పోలమ్మ కోళ్లను వదిలి రానని ప్రతి తుఫానుకీ పోలీసులతో తగువు పడేది. ఇక్కడ ఇళ్లలో ఉండండి అంటున్నారు, జనం ఉండట్లేదు. చెప్పే మాట తిరగబడింది గానీ వినకపోవడం మాత్రం ఒకటే.

మర్నాడు పొద్దున వ్యానులోకి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరు కరుణమ్మ. మా మరదలి ఊరే, అమలాపురం పక్క. అరవైకి దగ్గర పడిన మనిషి. అల్ ఐన్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. అంతకుముందు చాలా ఏళ్లు కల్బాలో ఒక అరబ్బుల ఇంట్లో పిల్లను పెంచింది. ఆ పిల్ల మౌజాకి ఆ సాయంత్రం పెళ్లి విందు. కరుణమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని, పైన స్వెట్టరు వేసుకుని, ఒళ్లో ఒక గిన్నె పెట్టుకుని కూర్చుంది. గిన్నెలో సున్నుండలు.

"నెల్ల పిల్లప్పుడు నా చేతుల్లో పెట్టేరండి," అంది. "ఆళ్లమ్మకి జబ్బు చేసింది. నా పక్కలోనే పడుకునేది. నేనేం బాస మాట్లాడితే అదే మాట్లాడేది. మొదటి మాట 'అత్త' అంది, 'అత్త' అంటే అన్నం అనుకోండి."

రెండో మనిషి జబ్బార్ భాయ్. ఆర్మూరు ఆయన, నర్సయ్యతో ఒకే గదిలో ఉంటాడు. నీళ్ల మోటార్ల మెకానిక్కు, పని మీద అల్ ఐన్ వచ్చాడు. కల్బాలో వాళ్ల కంపెనీ క్వార్టర్లలోకి నీళ్లు వస్తున్నాయి, పంపు పాడైంది, వెంటనే రమ్మని ముదీర్ ఫోన్ చేశాడట. ముదీర్ అంటే మేనేజరు.

మలీహా

కొండలు మొదలయ్యే ముందు మలీహా అనే ఊరి దగ్గర టీకొట్టులో ఆగాం. ఎర్ర ఇసుక, దాని వెనక నల్లటి కొండలు, ఆ కొండల మీద అంతకంటే నల్లటి మబ్బు. కొట్టు మలయాళీలది. పరోటా, గుడ్డు కూర తింటున్నాం. ఉన్నట్టుండి కొట్టులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే సైరన్‌లా అరిచాయి. నా ఫోన్లో మన దేశపు సిమ్ము, అది మాత్రం గమ్మున ఉంది. ఏదో మంట అంటుకుందనుకుని చేతిలో పరోటాతో రోడ్డు మీదకి పరుగెత్తాను. నన్ను చూసి కొట్టు ఓనరు నవ్వాపుకోలేకపోయాడు. అది వాన హెచ్చరిక. వాదీల దగ్గరికి వెళ్లొద్దు, కొండ దారులు మూసేస్తున్నాం, అత్యవసరమైతే తప్ప ప్రయాణాలు వద్దు అని దాని సారాంశం.

కాస్త ముందుకి పోయేసరికి రోడ్డుకి అడ్డంగా పోలీసు బండి. ఇరవై పాతికేళ్ల పోలీసు వాన కోటు వేసుకుని నిలబడ్డాడు. నర్సయ్య దిగి మాట్లాడి వచ్చాడు.

"రోడ్డు ముసక్కర్ అంటున్నడు. బంద్ జేసిన్రు. ఎప్పుడు తీస్తరో తెల్వదంట."

మళ్లీ టీకొట్టుకే వచ్చాం. ఇంకా చాలా బళ్లు అక్కడే ఆగాయి. మా దగ్గర సన్నటి జల్లు మాత్రమే. పైన కొండ మీద మెరుపులు.

జబ్బార్ భాయ్ కూర్చోలేకపోయాడు. "నర్సన్నా, కొట్టు ఎనుక ఇసుకల నుంచి తొవ్వ ఉన్నది. పోలీసాయనను దాటి అవతల రోడ్డు ఎక్కొచ్చు. ఇద్దరు ముగ్గురు పోయిన్రు."

"బండి గుంజుకుంటరు. నా లైసెన్సు పోతది. ఇది మనూరు గాదు భాయ్," అన్నాడు నర్సయ్య.

"రూల్ మంచిదే. గని ఇంట్ల కూసున్నా జీతమొచ్చేటోల్లకు మంచిది. నేను ఇయ్యాల పోకపోతె రేపు ఇంకో మెకానిక్కును వెట్టుకుంటరు."

"ప్రాణం పోతే?" అన్నాను నేను.

"నీళ్లు కనబడితే నేను దిగి ఎనుకకు వస్త గదక్కా. పిచ్చోన్ని గాదు."

అప్పుడే ఒక పఠాన్ తోలుతున్న పికప్ బండి ఇసుక దారిలోకి తిరుగుతోంది. జబ్బార్ భాయ్ చెయ్యెత్తాడు. ఆ డ్రైవరు ఆగి ఎక్కించుకున్నాడు. పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, మాకు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నర్సయ్య ఆ బండి ఇసుకలో కనబడకుండా పోయేదాకా చూశాడు.

కరుణమ్మ అంతసేపూ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు లేచి నర్సయ్య దగ్గరికి వెళ్లింది.

"బాబూ, నువ్వు నాకు కొడుకులాంటోడివి. ఆ పికప్ ఎనకాలే పోనీ. నేనింత పిల్లకాడినించి పెంచేను. ఇయ్యేళ దాన్ని పీట మీద సూడకపోతే ఇంకెప్పుడు సూత్తాను?"

"అమ్మా, పోలీసోల్లు..."

"పోలీసులు రేపు కూడా ఉంటారు. పెళ్లి ఉండదు కదా."

నర్సయ్య నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ వెళ్లాలనే ఉంది. మబ్బు కొండ మీద ఉంది, మా నెత్తిన లేదు. పికప్ వెళ్లింది. తిరిగి రాలేదంటే దారి బాగున్నట్టే కదా అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తేలికో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

నర్సయ్య వెళ్లి ఇంజన్ స్టార్ట్ చేశాడు. మేమిద్దరం ఎక్కాం.

సరిగ్గా అప్పుడే కరుణమ్మ ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద ఒక అమ్మాయి. ఎవరో వెనక నిలబడి తల దువ్వుతున్నారు, మోచేతుల దాకా గోరింటాకు. "మామా!" అంది. ముందు నాకు అర్థం కాలేదు, ఈవిడని మామా అంటుందేమిటి అని. అక్కడ మామా అంటే అమ్మ అట.

"వచ్చేత్తన్నాను తల్లీ. ఎంతోసేపు పట్టదు," అంది కరుణమ్మ.

అమ్మాయి అరబ్బీలో ఏదో అడిగింది. కరుణమ్మ ఏదో జవాబు చెప్పి ఫోన్‌ని కిటికీకి దూరంగా తిప్పబోయింది. ఆ అమ్మాయి అప్పటికే చూసింది, అద్దం మీద చినుకులు, దూరంగా తిరుగుతున్న పోలీసు దీపం. తల దువ్వుతున్న చెయ్యిని పక్కకి తోసేసి ఫోన్‌ని మొహం దగ్గరికి తెచ్చుకుంది. తర్వాతి మాట తెలుగులో వచ్చింది.

"బయట కాలెట్టేవంటే కాళ్లిరగ్గొడతాను. ఇంట్లో కూకో."

కళ్లు మూసుకుని వింటే అమలాపురం సంతలో ఏ తల్లో పిల్లని కసురుకుంటున్నట్టే ఉంది. ఒక్క అక్షరం పక్కకి పోలేదు. నర్సయ్య వెనక్కి తిరిగి నోరు తెరిచి చూశాడు.

కరుణమ్మ నవ్వింది. నవ్వుతూనే స్వెట్టరు చేతితో కళ్లు తుడుచుకుంది.

"వాన పడితే దీన్ని లోపలుంచడం నా వల్ల అయ్యేది కాదు చెల్లెమ్మా," అంది నాతో. "ఎన్నిసార్లు తిట్టేనో ఆ మాట." తర్వాత నర్సయ్యతో అంది, "ఖలాస్. బండి ఆపెయ్ బాబూ."

నర్సయ్య తాళం తిప్పి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఊపిరి వదిలాడు.

సాయంత్రమయ్యే వేళకి కొండ వైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. రైలు వస్తున్నట్టు, కానీ రైలు దాటిపోతుంది, ఇది పోలేదు. టీకొట్టులో అందరూ కొండ వైపు తిరిగారు. అది నీళ్ల చప్పుడని ఓనరు చెప్పాడు. నేను గోదావరి వరదలు చూసినదాన్ని. మా వరద నెమ్మదిగా పెరుగుతుంది, గట్టు మీద గుర్తులు పెట్టి చూస్తాం. రాళ్లు దొర్లించుకుంటూ వచ్చే నీళ్ల చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

జబ్బార్ భాయ్‌కి ఫోన్ కలవలేదు. నర్సయ్య మళ్లీ మళ్లీ చేశాడు. చీకటి పడేముందు మెసేజ్ వచ్చింది, 'చేరిన' అని. నర్సయ్య అది నాకు చదివి వినిపించి, ఆ తర్వాత గానీ అన్నం ముట్టలేదు.

ఆ ఊరి మసీదులో ఆడవాళ్ల గది తెరిచి, ఆగిపోయిన ఆడవాళ్లందర్నీ రమ్మన్నారు. దుప్పట్లు, మంచినీళ్లు, ఖర్జూరాలు పెట్టారు. ఒక సిరియా తల్లి, ఇద్దరు ఫిలిప్పీన్ అమ్మాయిలు, మేమిద్దరం. కరుణమ్మ సంచిలోని పాత చీర కట్టుకుని, కొత్తది నలగకుండా మడిచి తలకింద పెట్టుకుని, తెలుగులో ఏసుప్రభువుకి ప్రార్థన చేసుకుని పడుకుంది. ఎవరూ వింతగా చూడలేదు. సిరియా ఆవిడ చివర్లో "ఆమీన్" అంది.

వాగు దగ్గర

మర్నాడు దారి తెరిచారు. ఆకాశం కడిగినట్టుంది. కొండల మధ్యకి వెళ్లాక రోడ్డు ఒకచోట వాగులోకి దిగి ఎక్కుతుంది. అక్కడ సగం రోడ్డు లేదు. తారు చాపలా మడతపడి పక్కన పడుంది. గ్యాస్ బండలంత రాళ్లు రోడ్డు మీద. కొంచెం కింద ఒక తెల్ల కారు ముక్కు రాళ్లలో దూర్చుకుని ఉంది. పక్కన ఒక్క బండి పట్టేంత దారి బుల్డోజరుతో చేస్తున్నారు.

నిన్నటి పోలీసు కుర్రాడే అక్కడున్నాడు. నర్సయ్య హిందీలో అడిగాడు, కారులో మనిషేమయ్యాడని. బతికాడు అని చెప్పాడు. తాడు కట్టుకుని దిగి తీశారట. దిగిన పోలీసుకి రాయి తగిలి చెయ్యి విరిగింది. అతను తన స్నేహితుడని, ఇంకా ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. నిద్ర లేని మొహంతో చెప్పి, ముందుకి పొమ్మని చెయ్యి ఊపాడు.

మేం ఇంజన్ ఆపకుండా వెళ్లి ఉంటే ఆ వేళకి ఇక్కడ ఉండేవాళ్లమా, దాటిపోయేవాళ్లమా అని నేను మనసులో లెక్క వేశాను. తేలలేదు. ముగ్గురం ఆ లెక్కలోనే ఉన్నామనుకుంటాను.

కల్బా

ఊళ్లోకి వెళుతుంటే వంతెన మీద నుంచి మడ అడవి కనబడింది. లోపలికి వెళ్లే దారికి తాడు కట్టారు. రోడ్డు మీద నిలబడే చూశాను. అవే ఆకులు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన అవే ఊపిరి వేళ్లు. వరద తెచ్చిన మట్టితో నీళ్లు మా ఏటి నీళ్ల రంగులోనే ఉన్నాయి. తేడా ఒక్కటే, వెనక చెట్టూ చేమా లేని రాతి కొండలు. ఫోటో తీసి శీనుకి పంపితే, "మనింటి వెనకదే కదా" అని జవాబిచ్చాడు.

జబ్బార్ భాయ్ క్వార్టర్ల దగ్గర మోకాళ్ల దాకా బురదలో ఉన్నాడు. రాత్రంతా పంపు నడిచిందట. గదుల్లోంచి నీళ్లు దించేశాడు. గోడల మీద పరుపులు, బియ్యం బస్తాలు ఆరేసి ఉన్నాయి. నేపాలీలు, బంగ్లాదేశీయులు, మనవాళ్లు, అంతా ఆయన చుట్టూ తిరుగుతున్నారు. ఎవరో ఆయనకి టీ పట్టుకొచ్చారు.

నర్సయ్య ఆయన భుజం మీద ఒకటి చరిచి, తెల్ల కారు సంగతి, పోలీసు చెయ్యి విరిగిన సంగతి చెప్పాడు.

జబ్బార్ భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మేం పోయినప్పుడు వాగుల సుక్క నీళ్లు లెవ్వు," అన్నాడు. చేతుల బురద తుడుచుకుంటూ, "మా ఎనుకనే వచ్చిండేమో ఆయన. మమ్మల్ని జూసి," అన్నాడు. టీ అలాగే వదిలేసి మళ్లీ పంపు దగ్గరికి వెళ్లిపోయాడు.

మౌజా వాళ్ల ఇల్లు పెద్దది. గుమ్మంలో బురద ఊడుస్తున్నారు. మమ్మల్ని ఆడవాళ్ల గదిలోకి తీసుకెళ్లారు. నిన్న హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయని, పెళ్లికొడుకు నాయనమ్మే కొండ అవతల ఆగిపోయిందని మౌజా వాళ్లమ్మ చెబుతుంటే కరుణమ్మ నాకు తెలుగులో చెప్పింది. కింద పెద్ద పళ్లెం పెట్టారు. హరీస్ అని గోధుమలు, మాంసం కలిపి మెత్తగా దంచినది. హైదరాబాదు హలీములో మసాలా తీసేసినట్టుంటుంది. ఒకే పళ్లెంలో అందరూ తింటారు. నేను నా ముందున్న వైపు వదిలేసి మధ్యలో చెయ్యి పెట్టాను. అది మర్యాద కాదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

మౌజా పరుగెత్తుకుంటూ వచ్చింది. పెళ్లి గౌను లేదు, ఇంట్లో వేసుకునే గౌను. కరుణమ్మ లేవబోతే భుజాలు పట్టి కూర్చోబెట్టి, పక్కనే కింద కూలబడి ఒళ్లో తల పెట్టుకుంది. ఇద్దరూ అరబ్బీ, తెలుగు కలిపి ఏదో మాట్లాడుకున్నారు. నాకు అర్థమైన మాటలు తక్కువ. కరుణమ్మ ఆ పిల్ల గోరింటాకు చేతుల్ని తిప్పి తిప్పి చూస్తోంది. సున్నుండల గిన్నె మూత తీయగానే మౌజా ఒకటి నోట్లో పెట్టుకుని, ఇంకోటి పిడికిట్లో దాచుకుంది. చుట్టాలంతా నవ్వారు.

తర్వాత లోపలికి తీసుకెళ్లి, నిన్నటి గౌను వేసుకుని, ఆ గదిలో కరుణమ్మ ఒక్కదాని కోసం అటూ ఇటూ నడిచి చూపించింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

తిరుగు దారి

కరుణమ్మకి సెలవు అయిపోయింది, ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. జబ్బార్ భాయ్ పని మిగిలి ఉందని అక్కడే ఆగాడు. కరుణమ్మ ఒళ్లో మౌజా వాళ్లిచ్చిన లుఖైమాత్ డబ్బా. తీపి పాకంలో వేసిన పునుగుల్లా ఉంటాయవి.

అడగకుండా ఉండలేక అడిగాను. "కరుణక్కా, నిన్న ఫోన్లో ఆ పిల్ల రమ్మని ఉంటే?"

"వెళ్లేదాన్ని," అంది. ఆలోచించలేదు.

"అంత వాన చూసి కూడానా?"

"అది రమ్మంటే రానని ఎలాగంటాను చెల్లెమ్మా."

నర్సయ్య అద్దంలోంచి ఆవిడని చూశాడు. "నేను తోలకపోతుంటినమ్మా," అన్నాడు. కొంత దూరం పోయాక, మాకు చెబుతున్నట్టు కాకుండా, "ఏమో, తోల్తుంటినేమో," అన్నాడు.

వాగు ఇంకా కాస్త దూరం ఉందనగా అద్దం మీద మళ్లీ చినుకులు పడ్డాయి. కొండ కొస మీద చిన్న మబ్బు. పోలీసులు లేరు, ఫోన్లు అరవలేదు. నర్సయ్య బండి నెమ్మది చేసి, ఎత్తుగా ఉన్న చోట పక్కకి తీసి ఆపాడు. వెనకాల ఎవరో హారన్ కొట్టి, మమ్మల్ని దాటి పోయారు.

"కొంచెం సేపు సూద్దాం," అన్నాడు నర్సయ్య.

కరుణమ్మ సరేనంది. డబ్బా మూత తీసి ముందుకి చాపింది. నర్సయ్య ఒకటి తీసుకున్నాడు, నేను రెండు తీసుకున్నాను. ఆ మబ్బు నాలుగు చినుకులతో పోయింది. వాగులోకి నీళ్లేమీ రాలేదు. మేం బయల్దేరేసరికి డబ్బాలో అడుగున పాకం మాత్రమే మిగిలింది.